బ్రహ్మపుత్రను వాలు పట్టి చదవాలి

బ్రహ్మపుత్ర అనగానే పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక వరస కనిపిస్తుంది. టిబెట్‌లో యార్లుంగ్ సాంగ్‌పో, అరుణాచల్‌లో సియాంగ్, అస్సాంలో బ్రహ్మపుత్ర, బంగ్లాదేశ్‌లో జమున. విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లల్ని ఎవర్ని అడిగినా గడగడా చెప్పేస్తారు. అందులో తప్పేం లేదు, మార్కు కూడా వస్తుంది. కానీ అస్సాంకి ఏటా వరద ఎందుకొస్తుంది? అక్కడ నది మధ్యనున్న మాజులి దీవి ఎందుకు కోసుకుపోతోంది? నది టిబెట్ దాటేముందు తిరిగే పెద్ద మలుపు దగ్గరే చైనా విద్యుత్ కేంద్రాలు ఎందుకు కడుతోంది? అక్టోబరులో మన విశాఖ సముద్రంలో ఉప్పు ఎందుకు తగ్గుతుంది? వీటిలో ఒక్కదానికీ ఆ పేర్ల వరస జవాబు చెప్పదు. నది కిలోమీటరుకు ఎంత దిగుతోందన్న లెక్క మాత్రం అన్నిటికీ చెబుతుంది. అందుకే ఈ నదిని దేశాల వారీగా కాకుండా వాలు వారీగా చూడాలని నా గట్టి అభిప్రాయం.

పుట్టుక, పొడవు

కైలాస, మానససరోవరాలకు ఆగ్నేయంగా, హిమాలయాల ఉత్తరపు వాలు మీద ఉన్న హిమానీనదాల్లో ఈ నది పుడుతుంది. వాటిలో అసలు మూలం ఏదన్న దాని మీద వందేళ్లకు పైగా చర్చ నడిచింది. 1907లో అక్కడికి వెళ్లిన స్వీడన్ అన్వేషకుడు స్వెన్ హెడిన్ కుబీ పాయ అన్నాడు. తర్వాత 1930లలో చెమయుంగ్‌దుంగ్ అని వాదించినవాడు మన తెలుగువాడే. తూర్పు గోదావరి ప్రాంతంలో పుట్టి సన్యసించిన స్వామి ప్రణవానంద కైలాస మానససరోవర ప్రాంతంలో ఏళ్ల తరబడి తిరిగి సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర, కర్నాలి నదుల మూలాలను పరిశీలించారు. ఇంత పని చేసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉండాలి. 2011లో చైనా శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో లెక్కలు వేసి, 5,210 మీటర్ల ఎత్తున ఉన్న ఆంగ్సీ హిమానీనదం మూలమని, మొత్తం పొడవు 3,848 కిలోమీటర్లని ప్రకటించారు.

మన దేశపు లెక్కలో పొడవు 2,880 కిలోమీటర్లే: టిబెట్‌లో 1,625, భారత్‌లో 918, బంగ్లాదేశ్‌లో 337. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తేడా చూసి ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారనుకోనక్కర్లేదు. పొడవు తేలేది నాలుగు నిర్ణయాల మీద. మూలంగా ఏ పాయను తీసుకున్నారు, ఏ స్కేలు పటం మీద కొలిచారు, నది పాయలుగా చీలిన చోట ఏ పాయ వెంట వెళ్లారు, చివర ఎక్కడ ఆపారు. చిన్న స్కేలు పటంలో చిన్న చిన్న మలుపులన్నీ తీసిన గీత కింద కలిసిపోతాయి కాబట్టి పొడవు తగ్గుతుంది. గంగతో కలిసే చోట ఆపితే ఒక అంకె, మేఘన ముఖద్వారం దాకా వెళ్తే ఇంకో అంకె. పొడవు రాసేటప్పుడు ఎవరి లెక్కో కూడా రాయడం మంచి అలవాటు.

టిబెట్: నిదానంగా సాగే భాగం

మూలం నుంచి నది తూర్పుకి తిరిగి, హిమాలయాలకు ఉత్తరంగా, వాటికి సమాంతరంగా సుమారు 1,600 కిలోమీటర్లు వెళ్తుంది. ఇంత పొడుగునా ఒకే దిక్కుకి వెళ్లడానికి కారణం భూమి లోపల ఉంది. భారత ఫలకం, యూరేషియా ఫలకం ఢీకొని అతుక్కున్న కుట్టు రేఖ అక్కడే ఉంది. ఆ బలహీనమైన రేఖనే నది దారిగా చేసుకుంది.

5,200 మీటర్ల దగ్గర మొదలై మలుపుకి ముందు పై అనే చోటికి వచ్చేసరికి సుమారు 2,900 మీటర్లకు దిగుతుంది. అంటే సగటున కిలోమీటరుకు మీటరున్నర లోపే. షిగాత్సే దాటాక, ల్హాసా నది కలిసిన తర్వాత, షన్నాన్ ప్రాంతంలో వాలు ఇంకా తగ్గి లోయ వెడల్పవుతుంది. నది ఇసుకలో పాయలు పాయలుగా పారుతుంది. ఒడ్డున గాలికి ఎగిరిన ఇసుకతో దిబ్బలు ఏర్పడ్డాయి. మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఇసుక దిబ్బలంటే వింతగా అనిపిస్తుంది గానీ, శీతాకాలంలో నీరు తగ్గి ఇసుక బయటపడటం, ఎండిన గాలి వీచడం, ఈ రెండూ చాలు దానికి.

ఇక్కడ నీళ్లెన్ని అన్నది రాజకీయంగా కూడా ముఖ్యమైన ప్రశ్న. హిమాలయాలు రుతుపవనాలను అడ్డుకోవడంతో టిబెట్ వైపు వాన తక్కువ. పరీవాహక ప్రాంతం సుమారు 5,80,000 చదరపు కిలోమీటర్లలో సగం టిబెట్‌లోనే ఉన్నా, నీళ్లలో సగం అక్కడివి కావు. మలుపుకి ముందున్న నుక్సియా కొలత కేంద్రం దగ్గర ఏడాదికి సుమారు 6,000 కోట్ల ఘనపు మీటర్లు పారుతుంది. మన లెక్కలో 2,100 టీఎంసీలు. బంగ్లాదేశ్‌లో బహదూరాబాద్ దగ్గరికి వచ్చేసరికి అదే నది సగటున సెకనుకు 20,000 ఘనపు మీటర్లతో పారుతుంది, ఏడాదికి 22,000 టీఎంసీల పైమాటే. నుక్సియా వాటా పదో వంతు. మిగతాదంతా ఆ కేంద్రానికి దిగువన, ముఖ్యంగా హిమాలయాల దక్షిణపు వాలు మీద కురిసే వాన.

నది వాలు మీరే గీయండి

ఇది ఇంట్లో కంప్యూటర్ మీద ఒక పూటలో అయ్యే పని. గూగుల్ ఎర్త్ ప్రోలో మూలం నుంచి నది మధ్యగా పాత్ గీసుకుంటూ వెళ్లాలి. మైదానంలో ఐదు కిలోమీటర్లకు ఒక చుక్క చాలు. లోయలో మాత్రం కిలోమీటరుకు ఒకటైనా పెట్టాలి, మలుపుల దగ్గర ఇంకా దగ్గరగా. గీసిన తర్వాత దాని మీద కుడి క్లిక్ చేసి ఎలివేషన్ ప్రొఫైల్ తెరిస్తే ఎత్తుల గీత వస్తుంది.

ఆ గీతను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. నది అక్కడక్కడా వందల మీటర్లు పైకెక్కి మళ్లీ దిగినట్టు కనిపిస్తుంది. నది ఎక్కదు కదా. ఇరుకు లోయలో మీ చుక్క పది ఇరవై మీటర్లు పక్కకి జరిగినా కొండ గోడ మీద పడుతుంది. ఎత్తుల డేటాకి మూలమైన రాడార్ కిరణాలు లోతు లోయ అడుగుదాకా సరిగ్గా చేరవు కాబట్టి కొన్ని చోట్ల ఆ డేటాలోనే ఖాళీలు ఉండి, వాటిని పక్క అంకెలతో పూడ్చి ఉంటారు. దీనికి మందు ఏమిటంటే, ఎగువ నుంచి దిగువకి వస్తూ ప్రతి చోటా అప్పటిదాకా కనిపించిన కనిష్ఠ ఎత్తునే తీసుకుని, ఆ అడుగు అంచులను కలుపుతూ గీత గీయడం. ఎగుడుదిగుళ్ల సగటు తీస్తే లోయ వాలు తప్పుగా వస్తుంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎక్కువమంది వాడే ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి 11 రోజుల్లో కొలిచినవి. అంటే మైదానంలో మీకు కనిపించేది చలికాలపు నీటి మట్టం. అస్సాంలో వర్షాకాలపు మట్టం దానికంటే మీటర్ల ఎత్తున ఉంటుంది.

అస్సాం మైదానానికి గూగుల్ కంటే మంచి ఆధారం కేంద్ర జల సంఘం కొలత కేంద్రాలే. సముద్ర మట్టం నుంచి లెక్కించిన ప్రమాద స్థాయి డిబ్రూగఢ్ దగ్గర 105.70 మీటర్లు, గువాహటి దగ్గర 49.68 మీటర్లు. ఈ నది మీది పడవల దారి అయిన జాతీయ జలమార్గం-2 లెక్క ప్రకారం ఈ రెంటి మధ్య నది దారి 513 కిలోమీటర్లు. 56 మీటర్లను 513తో భాగిస్తే కిలోమీటరుకు 11 సెంటీమీటర్లు. ప్రమాద స్థాయిల తేడా అచ్చంగా నీటి వాలు కాదు గానీ, స్థాయిని ఆయా చోట్ల గట్టు ఎత్తును చూసి నిర్ణయిస్తారు కాబట్టి అంచనాకి బాగానే సరిపోతుంది. ఈ 11 సెంటీమీటర్ల అంకెను పక్కన రాసి ఉంచుకోండి.

మలుపు

పై అనే ఆ చోటు దాటాక నది ఈశాన్యానికి తిరిగి, 7,782 మీటర్ల నామ్చా బర్వా, 7,294 మీటర్ల గ్యాలా పెరి శిఖరాల మధ్య నుంచి దూరి, గుర్రపు లాడం ఆకారంలో వంపు తిరిగి దక్షిణానికి వస్తుంది. భారత సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఎత్తు సుమారు 600 మీటర్లు. అంటే రెండు వందల చిల్లర కిలోమీటర్లలో 2,300 మీటర్ల దిగుడు. కిలోమీటరుకు సుమారు 10 మీటర్లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. అస్సాంలోని 11 సెంటీమీటర్లకి దాదాపు వంద రెట్లు.

లోపలికి వెళ్లి చూడలేక, సాంగ్‌పో, బ్రహ్మపుత్ర ఒకటేనా అన్నది 19వ శతాబ్దం చివరిదాకా తేలలేదు. దాన్ని తేల్చడానికి 1880లో భారత సర్వే విభాగం సిక్కింకు చెందిన కింతుప్‌ను ఒక లామాతో పాటు పంపింది. ఆ లామా కింతుప్‌ను బానిసగా అమ్మేసి వెళ్లిపోయాడు. తప్పించుకున్న తర్వాత కూడా కింతుప్ పని వదల్లేదు. గుర్తులు వేసిన 500 దుంగలను రోజుకి 50 చొప్పున నదిలో వదిలాడు, దిగువన అస్సాంలో చూస్తారని. కబురు అందాల్సిన అధికారికి అందకపోవడంతో ఆ దుంగల్ని ఎవరూ గమనించలేదు. 1884లో తిరిగి వచ్చాక అతని మాట చాలామంది నమ్మలేదు. 1913లో బ్రిటిష్ అధికారులు బెయిలీ, మోర్స్‌హెడ్ అదే దారిలో వెళ్లి చూశాక గానీ అతను చెప్పింది చాలావరకు నిజమని ఒప్పుకోలేదు. చదవడం రాయడం రాని మనిషి కేవలం జ్ఞాపకం మీద అంత దారిని వర్ణించాడు. ఈ నది చరిత్రలో నాకు అత్యంత గౌరవం ఉన్న పేరు అదే.

అంత వాలు ఎలా నిలిచి ఉందన్నది అసలు విషయం. ఇంత వేగంగా కోసే నది కాలక్రమంలో తన వాలును తనే తగ్గించుకోవాలి. కానీ నది పైనుంచి రాతిని కోసుకుపోతున్న కొద్దీ బరువు తగ్గి, కింద ఉన్న వేడి, మెత్తటి రాయి పైకి తోసుకొస్తోంది. కోత, పెరుగుదల ఒకదాన్నొకటి నడిపిస్తున్నాయని భూవిజ్ఞానులు వివరిస్తారు. మైదానంలోని ఇసుక రేణువుల రసాయన గుర్తులను చూసి చేసిన లెక్కల్లో, నది మోసే ఒండ్రులో దాదాపు సగం ఈ చిన్న ప్రాంతం నుంచే వస్తోందని తేలింది. పరీవాహకంలో దీని విస్తీర్ణం రెండు శాతం చుట్టుపక్కల మాత్రమే.

చైనా 2025 జులైలో మొదలుపెట్టిన భారీ జలవిద్యుత్ పథకం కూడా ఈ వాలు కోసమే. వంపు మెడ దగ్గర కొండల్లోంచి సొరంగాలు తొలిస్తే తక్కువ దూరంలో రెండు వేల మీటర్ల దిగుడు దొరుకుతుంది. ఐదు కేంద్రాలు, మొత్తం సుమారు 60,000 మెగావాట్లు అని వార్తలొచ్చాయి. మన దగ్గర చర్చంతా నీళ్లు ఆపేస్తారనే భయం మీదే తిరుగుతోంది. పైన చెప్పిన పదో వంతు లెక్క చూస్తే వార్షిక నీటి పరిమాణం కంటే ఎక్కువ ఆలోచించాల్సినవి వేరే ఉన్నాయి. చలికాలంలో వాన ఉండదు కాబట్టి అప్పటి ప్రవాహంలో టిబెట్ వాటా పెరుగుతుంది. టర్బైన్ల కోసం రోజులో నీటిని ఆపి వదిలితే దిగువన మట్టం గంటల్లో మారుతుంది. ఒండ్రు ఎగువన ఆగితే దిగువ ఒడ్డులు కోతకు గురవుతాయి. పైగా అది భూకంపాల నేల.

ఈ చివరి దానికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. 2000 ఏప్రిల్ 9న మలుపు దగ్గర కలిసే యిగాంగ్ ఉపనదిలో పెద్ద కొండచరియ పడి నది మూసుకుపోయింది. వెనక రెండు నెలల పాటు నీరు పేరుకుంది. జూన్ 10న ఆ మట్టికట్ట తెగింది. అరుణాచల్‌లో సియాంగ్ ఒక్కసారిగా పొంగి వంతెనలను ఊడ్చుకుపోయింది. అప్పటికి రెండు దేశాల మధ్య సమాచారం పంచుకునే ఏర్పాటు లేదు. 2002లో ఒప్పందం కుదిరి నుగేషా, యాంగ్‌సున్, నుక్సియా కేంద్రాల వరద కాలపు అంకెలు మనకి రావడం మొదలైంది. 2017లో అవి ఆగాయి, 2018లో మళ్లీ వచ్చాయి, ఒప్పందం గడువు 2023 జూన్‌తో తీరిపోయింది. దిగువ దేశానికి ఆ అంకెలు దయగా కాదు, హక్కుగా అందాల్సినవి. మనకి దిగువనున్న బంగ్లాదేశ్‌కి మనమూ అదే న్యాయం పాటించాలి.

అస్సాం: 11 సెంటీమీటర్ల కథ

పాసీఘాట్ దగ్గర నదికి మిగిలిన ఎత్తు 150 మీటర్లే. సముద్రానికి ఇంకా 1,200 కిలోమీటర్ల పైనే ఉంది. లోయలోంచి దూకుతూ వచ్చిన నీరు ఇక్కడ లోహిత్, దిబాంగ్‌లను కలుపుకుని ఒక్కసారిగా చదునైన నేల మీద పడుతుంది. వేగం తగ్గగానే మోసే శక్తి తగ్గుతుంది, ముతక ఇసుక ముందు దిగుతుంది. దిగిన ఇసుక పాయకే అడ్డం పడుతుంది, నీరు పక్కకి జరుగుతుంది, అక్కడా ఇసుక దిగుతుంది. అలా విడిపోతూ మళ్లీ కలుస్తూ జడ పాయల్లా అల్లుకుపోతుంది. సగటు వెడల్పు పది కిలోమీటర్ల చుట్టుపక్కల ఉండటానికి కారణం ఇదే. గువాహటి దగ్గర మాత్రం రెండు పక్కలా గట్టి రాతి కొండలు ఉండటంతో నది కిలోమీటరు పైచిలుకుకి ఇరుకైపోతుంది. 1962లో సరాయిఘాట్ వంతెన సరిగ్గా అక్కడ కట్టింది అందుకే.

ఉత్తరపు ఉపనదులు సుబన్‌సిరి, జియా భరలి, మానస్ కొండల నుంచి నిటారుగా దిగుతాయి, ముతక ఇసుక తెస్తాయి, వాన పడ్డ గంటల్లో పొంగుతాయి. దక్షిణపు బూఢీ దిహింగ్, ధన్‌సిరి, కొపిలి నెమ్మదిగా వంకర్లు తిరుగుతూ మెత్తటి ఒండ్రు తెస్తాయి. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చిరపుంజి, మాసిన్‌రాం వాన బ్రహ్మపుత్రలోకి రాదు. ఆ ఊళ్లు మేఘాలయ పీఠభూమి దక్షిణపు అంచున ఉన్నాయి. ఆ నీళ్లు సూర్మా మీదుగా మేఘనలోకి పోతాయి.

గోదావరితో పోల్చి చూస్తే మనకి బాగా అర్థమవుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1998లో బహదూరాబాద్ దగ్గర బ్రహ్మపుత్ర గరిష్ఠ ప్రవాహం సెకనుకు సుమారు లక్ష ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 35.3 క్యూసెక్కులు కాబట్టి అదీ 35 లక్షలే. శిఖరం రెంటికీ ఒక్కటే, తేడా కాలంలో ఉంది. మన గోదావరి వరద రోజుల లెక్క, ఎండాకాలంలో చూస్తే నడిచి దాటే పాయలు కనిపిస్తాయి. బ్రహ్మపుత్ర చలికాలపు అడుగు ప్రవాహమే లక్ష క్యూసెక్కులు మించుతుంది, వర్షాకాలంలో నెలల తరబడి నిండుగా ఉంటుంది. గట్లు అన్నాళ్లూ తడిసి నానుతూ ఉండాలి.

అందుకే అక్కడ గట్లు తెగుతాయి. గట్టు కట్టేది దగ్గర్లో దొరికే ఇసుక మట్టితోనే. నానిన గట్టు అడుగు నుంచి సన్నటి ఊటలు ఇసుకను మోసుకుపోతూ లోపల గుల్ల చేస్తాయి. మరో పక్క పాయ జరిగి నేరుగా గట్టు పాదాన్ని కోస్తుంది. ఇక ఒడ్డు కోత విషయానికొస్తే, వరద శిఖరం కంటే నీరు తీసేటప్పుడే ఎక్కువ నేల పోతుంది. ఒడ్డులో పైన బంకమట్టి పొర, కింద ఇసుక పొర ఉంటాయి. నదిలో మట్టం త్వరగా దిగినా ఒడ్డు లోపలి నీరు అంత త్వరగా దిగదు. లోపలి నీరు బయటికి నెట్టుతూ కింది ఇసుకను లాక్కుపోతుంది, ఆసరా పోయిన పై పొర పలకలు పలకలుగా జారి పడుతుంది. 1950 నుంచి అస్సాం కోల్పోయిన నేల 4.27 లక్షల హెక్టార్లని రాష్ట్ర ప్రభుత్వ లెక్క.

1950 అని చెప్పడం యాదృచ్ఛికం కాదు. ఆ ఏడాది ఆగస్టు 15న 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొండలు విరిగి ఉపనదులకు అడ్డుకట్టలు పడ్డాయి, సుబన్‌సిరి మీద పడిన కట్ట కొన్ని రోజులకి తెగి దిగువను ముంచింది. కొండల నుంచి వచ్చిన మట్టితో డిబ్రూగఢ్ దగ్గర నది అడుగే మీటర్ల మేర పైకి లేచింది. అడుగు లేస్తే అదే నీటికి మట్టం పెరుగుతుంది. తర్వాతి దశాబ్దాల వరదలకీ, కోతకీ ఆ ఒక్క రాత్రి ఇంకా లెక్కలో ఉంది.

మార్పును మీరే చూడాలంటే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, ఒక చుక్క నేల మీద 10 మీటర్లు. ఒకే చోటును వేర్వేరు ఏళ్ల జనవరి, ఫిబ్రవరి చిత్రాలతోనే పోల్చాలి. వేరే నెలలతో పోలిస్తే నీటి మట్టం తేడాను కోత అనుకునే ప్రమాదం ఉంది. వర్షాకాలంలో మబ్బు కమ్మేస్తుంది కాబట్టి అప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రాలు వాడాలి. వాటిలో నిశ్చలమైన నీరు నల్లగా కనిపిస్తుంది. గాలికి అలలు లేచిన నీరు తెల్లబడి నేలలా కనిపిస్తుంది, నీళ్లు నిలిపిన వరిమడి నదిలా కనిపిస్తుంది. రెండు మూడు తేదీల చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే నమ్మాలి. చూడటానికే వెళ్లాలనుకుంటే విశాఖ మీదుగా డిబ్రూగఢ్ పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఇసుక మేటలు, పాయలు కనిపించాలంటే జనవరిలో, నది నిండుదనం కనిపించాలంటే జులైలో వెళ్లాలి.

బంగ్లాదేశ్

ఇప్పుడు జమున అంటున్న దారి పాతది కాదు. 18వ శతాబ్దంలో ఆంగ్లేయ సర్వేయరు జేమ్స్ రెన్నెల్ గీసిన పటాల్లో నది మధుపుర్ అనే మెట్టనేలకి తూర్పున మైమన్‌సింగ్ మీదుగా పోతోంది. 1787లో తీస్తా వరదలో దారి మార్చుకుని బ్రహ్మపుత్రలోకి పడింది. తర్వాతి కొన్ని దశాబ్దాల్లో ప్రధాన ప్రవాహం మధుపుర్‌కి పడమరన ఉన్న చిన్న పాయలోకి మళ్లింది. నేల పైకి లేవడమా, తీస్తా నీళ్లా, పాత దారి ఒండ్రుతో పూడటమా అన్నదాని మీద వాదం ఉంది, నా ఉద్దేశంలో మూడూ కలిశాయి. కిలోమీటరుకు పది సెంటీమీటర్ల లోపు వాలున్న చోట చిన్న తేడాకే నది దారి మారుతుంది.

ఇంత వదులు ఇసుకలో వంతెన కట్టడం ఎంత కష్టమో 2022లో తెరిచిన పద్మ వంతెన చెబుతుంది. గంగ, జమున కలిశాక ఉన్న ప్రవాహం మీద 6.15 కిలోమీటర్ల వంతెన అది. వరదలో నది అడుగు లోతుగా కోసుకుపోతుంది కాబట్టి, ఆ కోత కింద కూడా పట్టు ఉండాలని మూడు మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాలను 120 మీటర్ల లోతుదాకా దించారు. చాంద్‌పుర్ దగ్గర మేఘనతో కలిసి నది సముద్రంలో పడుతుంది.

సముద్రంలో, మన తీరంలో

గంగ, బ్రహ్మపుత్ర కలిసి ఏడాదికి సుమారు వంద కోట్ల టన్నుల ఒండ్రు తెస్తాయి. కొంత డెల్టాలో, కొంత తీరపు నిస్సార సముద్రంలో ఆగుతుంది. మిగతాది బంగ్లాదేశ్ తీరానికి దగ్గర్లోనే మొదలయ్యే లోతైన సముద్ర లోయలోకి జారి, బంగాళాఖాతం అడుగున పరుచుకుంటుంది. ఆ మేట 3,000 కిలోమీటర్ల పొడుగున శ్రీలంక దాటి భూమధ్యరేఖకు దక్షిణం దాకా ఉంది. మందం ఉత్తరాన 16 కిలోమీటర్ల పైన. మన తీరానికి ఎదురుగా లోతు సముద్రం అడుగున ఉన్నది హిమాలయాల మట్టే. ఆర్కే బీచ్ ఇసుక మాత్రం బ్రహ్మపుత్రది కాదు. తీరం వెంట ఇసుకను నడిపేది అలలు, మన దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం అది దక్షిణం నుంచి ఉత్తరానికే నడుస్తుంది.

నీరు మాత్రం వస్తుంది. రుతుపవనాలు తీసేశాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీర ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఉత్తర బంగాళాఖాతంలో చేరిన గంగ, బ్రహ్మపుత్ర, మహానది మంచినీటిని తీరం వెంట కిందికి లాక్కొస్తుంది. మామూలు సముద్రపు నీటిలో కిలోకి 35 గ్రాముల ఉప్పు. విశాఖ ముందు ఏప్రిల్‌లో 33, 34 ఉండేది, ఈ కాలంలో పైపొరలో 30 కంటే కిందికి పడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరంలో ఇలాంటి కొలతలకు పునాది వేశారు. ఇప్పుడు జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం ఈ పని చేస్తోంది. తేలికైన ఆ మంచినీటి పొర కింద ఉన్న చల్లటి ఉప్పునీటితో సులువుగా కలవదు. దాంతో తుపాను గాలి ఎంత కలియబెట్టినా కింది చల్లదనం పైకి రావడం తగ్గుతుంది, తుపానుకి పైపొర వేడి అందుతూనే ఉంటుంది. హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరులోనే, 2014లో 12వ తేదీన. ఒక తుపాను బలానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ మన తీరంలో తుపానుల కాలాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ పొరను వదిలేయకూడదు.

దీన్ని మీరే కొలవచ్చు. నీటిలో ఉప్పు చూడటానికి రొయ్యల రైతులు వాడే చిన్న పరికరం, సెలినిటీ రిఫ్రాక్టోమీటర్ చాలు, 0 నుంచి 100 దాకా గీతలున్నది. ముందు డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు గాజు మీద వేసి, మూత దించి, వెలుతురు వైపు చూస్తూ నీలం, తెలుపు కలిసే గీత సున్నా మీదికి వచ్చేలా మర తిప్పాలి. నమూనా ఒడ్డున తీస్తే పనికిరాదు. ఊరి మురుగు కాలువలు, గెడ్డలు కలిసే చోట ఉప్పు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే బోటు వాళ్లని అడిగి, నాలుగైదు కిలోమీటర్లు లోపల తీయించండి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచుదాకా నింపి, మూత బిగించాలి. సగం నింపిన సీసా ఎండలో ఉంటే నీరు ఆవిరై ఉప్పు పెరిగినట్టు కనిపిస్తుంది. నీడలో, అదే రోజు చూడాలి. తేదీ, చోటు, అంతకుముందు రెండు రోజుల్లో వాన పడిందా అన్నది రాసుకోవాలి. భారీ వాన పడ్డ మర్నాటి అంకెను లెక్కలోంచి తీసేయండి. ఏప్రిల్‌లో నాలుగు వారాలు, అక్టోబరు చివరి నుంచి నాలుగు వారాలు, వారానికొకసారి ఇలా చేస్తే రెండు వరసల మధ్య తేడా ఆ చౌకరకం పరికరంలో కూడా స్పష్టంగా పడుతుంది.